కరుణమ్మగారి మిరప ఫీడు

ఈ ఉదయం కల్లంలో కప్పిన పట్టాలు తీసి మిరపకాయల్ని ఎండకు పరిచారు. వేడి తగలగానే లేచిన ఘాటుకు నాకు వరుసగా తుమ్ములు పట్టుకున్నాయి. మా ప్రత్తిపాడులో నేను తుమ్మితే పొన్నూరులో వడ్లు ఆరబోసుకున్నవాళ్లు గాలివాన వస్తోందని పరుగులు తీస్తారు. ఇలాంటి మాటకు పడీపడీ నవ్వే మనిషి ఇప్పుడు లేరు. నా కళ్లు తుమ్ముల వల్లే తడిశాయని మీరు నమ్మితే సంతోషం.

కరుణమ్మగారు చర్చి బడిలో టీచరుగా రిటైరయ్యాక, ఇంటి వెనక కల్లంలోనే కారం, పచ్చళ్లు తయారుచేయించి ఆన్‌లైన్‌లో అమ్మేవారు. మిరప బస్తాలు తోలే ఆటోవాణ్ణి నేను. టీ కొట్టు దగ్గర నా కోతలు విని పనిలోకి పిలిచారు. మా వెబ్‌సైటుకు ఫీడు ఉండేది. కావాలనుకున్నవాళ్లు దాన్ని పెట్టుకుంటే, మేం రాసిన ప్రతి కబురూ దానంతటదే వాళ్ల ఫోనులోకి చేరుతుంది. ఆ కబుర్లు రాయడమే నా పని.

"ప్రకటనంటే మనం వాళ్ల గుమ్మంలోకెళ్లి అరవడమయ్యా కోటేశ్వరరావూ. ఫీడంటే వాళ్లే గిన్నె పట్టుకుని మన గుమ్మంలోకి రావడం. నచ్చకపోతే చెప్పకుండా వెళ్లిపోతారు," అన్నారు మొదటిరోజే.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ కబురైనా పంపేముందు, తొడిమలు తీస్తున్న ఆడవాళ్లకు గట్టిగా చదివి వినిపించాలి. నా మొదటి కబురులో మా కాయ కొరికిన కాకి పర్చూరు దాకా ఆగకుండా ఎగిరి, మంటపెట్టి పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టంలో దూరి, హమ్మయ్య చల్లగా ఉందని నిద్రపోయింది.

"కాకి సంగతేమోగానీ ఈయన కోతలకి మేం చచ్చేట్టున్నాం అమ్మగారూ!" అంది వాళ్లలో పెద్దదైన మరియమ్మ.

కరుణమ్మగారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "కాకి మీద ఎన్ని కోతలైనా కొయ్యి. కాయ మీద మాత్రం ఒక్కటి కొయ్యమాక."

ఒక ఏడు, జనం ఏడాది కారానికి ఆర్డర్లు పెట్టే రోజుల్లోనే, గాలివానకు పట్టాలు లేచిపోయి కాయంతా నానింది. సగం తెల్లబడి తాలైపోయింది. ఆ ఆర్డర్లు పోతే మా కారం కొట్టు నిలవదు. 'మేలిమి కాయ త్వరలో' అని రాసి కల్లంలో చదివాను. ఎవరూ నవ్వలేదు. తొడిమల మీద చేతులు ఆగిపోయాయి.

"ఏ కాయండీ అది?" అంది మరియమ్మ.

కరుణమ్మగారు ఫోను తీసుకుని తనే రాశారు: 'మా కాయ వానకు తడిసింది. ఈ ఏడు మా దగ్గర కారం కొనకండి. మంచి కాయ వచ్చినప్పుడు మేమే చెబుతాం.'

"అమ్మగారూ, కొట్టు మూసుకోవాల్సొస్తదండీ!" అన్నాను.

"మూతపడితే పడింది. నా మాట నమ్మినందుకు పిల్లల అన్నంలో ఈ తాలు కలుపుకోవాలా వాళ్లు? పో, ఆ బస్తాలు తీయించు."

ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయి. పచ్చళ్లతోనే ఆ ఏడాదిని ఈడ్చాం. 'ఆగుతాం' అని కొందరు జవాబు రాశారు. ఆవిడ వాటినే మళ్లీ మళ్లీ చదువుకునేవారు. చలికాలంలో జబ్బుచేసి పోయారు. తర్వాతి పంట ఎర్రగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఆ కబురు పంపగానే ఒకామె జవాబిచ్చింది: 'అమ్మగారి మాట మీదే ఆగాం. ఆవిడ బాగున్నారా?'

జనం ఆగింది నా కోసం కాదు. బాగున్నారని రాసేస్తే ఆర్డర్లు వచ్చి పడతాయి. నా వేళ్లకు అదేమంత కష్టమైన పనీ కాదు.

'అమ్మగారు పోయారు. ఈ కాయను ఆవిడ చూడలేదు' అని ఫీడులోనే రాశాను. కల్లంలో చదవబోయి, ఫోను అద్దాన్ని చొక్కాకు తుడుస్తూ నిలబడ్డాను. మరియమ్మ ఫోను లాక్కుని, కూడబలుక్కుంటూ తనే చదివింది.

"ఇంతేనండీ. పంపండి," అంది.

కొందరు వెళ్లిపోయారు. చాలామంది ఉన్నారు. కొట్టు నడుస్తోంది, కాకులు ఎగురుతూనే ఉన్నాయి. ఆవిడ ఫోను నా దగ్గరే ఉంది. ఛార్జింగు పెడుతూనే ఉంటాను. నేను పంపే ప్రతి కబురూ అందులోకీ చేరుతుంది. ఒక్కటీ తెరవను. అవి ఆవిడ చదవాల్సినవి.