మామ కోసం నడిపిన వ్యాను

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నరసరావుపేటలో పెట్రోలు దొరికేది కాదు. షావుకారు తన సరుకుల వ్యానును బొగ్గు గ్యాసుతో నడపడానికి వెనక బొగ్గుల డ్రమ్ము బిగించాడు. పొద్దున్నే అందులో నిప్పు రాజేసి అరగంట విసిరితే గాని ఇంజను కదలదు. ఆ వ్యాను డ్రైవరు మా వీధి పెద్దాయన. చుట్టరికం లేకపోయినా మామా అని పిలిచేవాణ్ని. నాకు బండి నడపడం నేర్పింది ఆయనే.

ఒకరోజు ఇంజను స్టార్టు చెయ్యడానికి ముందువైపు హ్యాండిలు తిప్పుతుంటే అది వెనక్కి తన్ని మామ కుడిచెయ్యి విరిగింది. చెయ్యి అతికేదాకా షావుకారు నన్ను నడపమన్నాడు. స్టేషన్లో దిగిన ఉప్పు బస్తాలు, గుడ్డల బేళ్లు నకరికల్లు, ఈపూరు అంగళ్లకు చేర్చేవాణ్ని. ఎత్తు వస్తే వ్యాను ఆగిపోయేది. సగం బస్తాలు దించి, బండిని పైకెక్కించి, మళ్లీ వాటిని మోసుకుపోయి వేసేవాణ్ని. బండి దీపాలు సరిగా వెలగవని పొద్దుగూకే లోపే తిరిగొచ్చేవాణ్ని.

రెండు నెలలకు షావుకారు పిలిచాడు. "పని బాగా చేస్తన్నావురా. నువ్వే ఉండిపో."

"అది మామ పనండీ. ఆయనొస్తే దిగిపోతా," అన్నాను.

ఆ మాట మామకు చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "కడుపున పుట్టినోడైనా ఇంత చెయ్యడురా," అన్నాడు.

చెయ్యి బాగయి మామ తిరిగొచ్చాడు, నేను దిగిపోయాను. నెల తిరక్కుండానే షావుకారు రెండో వ్యాను కొన్నాడని విని, ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్లాను.

"నీకు మసక చీకట్లో చూపు ఆనదంట గదా! అందుకేనా పొద్దుండగానే వచ్చేవోడివి?" అన్నాడు షావుకారు.

"ఎవరు చెప్పారండీ?"

"మీ మామే. బండి ఆయన అల్లుడికిచ్చా."

నేరుగా మామ ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నాకు చూపు లేదని చెప్పావా మామా?"

ఆయన కాదనలేదు. "అల్లుడికి పని లేదు. కూతుర్ని తెచ్చి మా ఇంట్లో దిగబెట్టాడు. నన్నేం చెయ్యమంటావురా?"

"అల్లుడికి పనిమ్మని అడిగితే పోయేదిగా. నా కళ్ల మీద అబద్ధమెందుకు?"

"నువ్వుండగా వాడికెవరిస్తార్రా?"

నేను బాగా నడుపుతానని ఆయన నోటివెంట విన్నది అదే మొదటిసారి. అక్కణ్నించి వచ్చేశాను.

ఊళ్లో ఆ అబద్ధం నాకంటే ముందే పనడగబోయిన ప్రతి లారీ షెడ్డుకూ చేరేది. చూపు లేనివాడికి బండి ఎవరిస్తారు? చివరికి మాచర్ల పోయి రాళ్ల క్వారీలో కూలీగా చేరాను. రెండేళ్లకు అక్కడి లారీ యజమాని పక్కన కూర్చుని, సందెవేళ స్వయంగా నడిపించి చూసి, పనిచ్చాడు. నరసరావుపేటకు లోడు పడ్డ రోజు మాత్రం వేరేవాళ్లను పంపమని అడిగేవాణ్ని.