అత్తయ్య దారాల గుడ్డ

నేను కాపరానికి వచ్చిన రెండో ఏడు మా అత్తయ్యకు చక్కెర జబ్బు ఉందని తెలిసింది. కుడికాలి బొటనవేలి పక్కన చెప్పు కరిచి పుండు పడితే రెండు నెలలైనా మానలేదు. తిరువూరు డాక్టరు విజయవాడ పంపాడు. అక్కడి డాక్టరు రక్తపరీక్ష చేయించి, “నెల రోజులు మాత్రలు, పథ్యం. చక్కెర దిగితే పుండు మానుతుంది. దిగకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది” అన్నాడు.

నేను అక్కడే ఏడ్చేశాను. అత్తయ్య ఏడవలేదు. “దిగిందో లేదో ఇంటి దగ్గర చూసుకునే దారేదన్నా ఉందా అండీ?” అని అడిగింది.

ఉంది. ఒక నీలం రంగు మందు సీసా, గాజు గొట్టం, స్పిరిటు దీపం. గొట్టంలో మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చకు తిరిగితే చక్కెర కొంచెం ఉన్నట్టు, పసుపైతే ఇంకా ఎక్కువ, ఇటుక రంగుకు వస్తే చాలా ఎక్కువ. పొద్దునా సాయంత్రం చూసి కాగితం మీద రాసుకు రమ్మన్నాడు.

అత్తయ్యకు చదువు రాదు. నేను ఎస్సెస్సెల్సీ పాసైనదాన్ని. “నేను రాసిపెడతాలెండి అత్తయ్యా” అన్నాను బస్సులో.

“నా ఒంటి సంగతి నువ్వు రాయడమేంటమ్మాయ్? నేనే చూసుకుంటాను” అంది.

మాది బట్టల కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక ఇల్లు. మామగారు చిన్న వయసులోనే పోతే, మా ఆయన చేతికి అందివచ్చేదాకా కొట్టు నడిపింది అత్తయ్యే. చీరకు జాకెట్టు ముక్క, ముక్కకు దారం కుదర్చడంలో ఆమె కంటికి తిరుగులేదు. విస్సన్నపేట నుంచి కూడా ఆడవాళ్లు చీరలు చంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చేవాళ్లు. చీర చెంగును గుమ్మంలోకి తీసుకెళ్లి, ఎండలో చూసి, పది నీలాల్లోంచి ఒక్క నీలాన్ని తీసిచ్చేది.

ఇప్పుడు ఆ కంటితోనే తన జబ్బును చూడడం మొదలుపెట్టింది. వెనక వసారాలో గొట్టం కాచి, వెలుతురుకు ఎత్తిపట్టుకుని చూసేది. కొట్లోంచి సరిగ్గా ఆ రంగు దారం తెచ్చి, తెల్ల గుడ్డ మీద ఒక కుట్టు వేసేది. పొద్దుటిది పైన, సాయంత్రానిది కింద. మొదటి వారమంతా ఇటుక రంగే.

మా ఆయన నవ్వాడు. “డాక్టరు దగ్గరికి గుడ్డ పట్టుకెళ్తావా అమ్మా?”

“గుడ్డలు అమ్మి నిన్ను పెంచాను. గుడ్డే పట్టుకెళ్తాను.”

అది మామిడి పళ్ల కాలం. తోటలున్న ఖాతాదారులు బుట్టలు పంపేవారు. ఇల్లంతా ఆ వాసనే. అత్తయ్య మాత్రం జొన్నరొట్టె, కాకరకాయ కూర తిని లేచిపోయేది. మూడో వారానికి కుట్లు ఆకుపచ్చకు దిగి, నీలం కనపడడం మొదలైంది. పుండు అంచులు కూడా ఆరుతున్నాయి. అప్పుడే ఒకరోజు పెరటి గోడ వారన బూడిద కింద నాకు మామిడి టెంక కనపడింది. నేను తినలేదు. మా ఆయన సరుకు కోసం ఊరెళ్లి రెండు రోజులైంది. దాని మీద మళ్లీ బూడిద కప్పేసి వచ్చాను. కానీ ఆ నీలం కుట్లు ఇక నమ్మబుద్ధి కాలేదు, ఆ తర్వాత గుడ్డ వైపే చూడలేదు.

నెల తిరిగాక ఇద్దరం విజయవాడ వెళ్లాం. పొద్దున్నే రక్తం ఇచ్చి, సాయంత్రం దాకా పరీక్షశాల మెట్ల మీద కూర్చున్నాం. కాగితం చేతికొచ్చాక తీసుకెళ్లి ఇస్తే డాక్టరు మొహం చిట్లించాడు.

“ముందుకంటే పెరిగింది. పథ్యం తప్పావు కదమ్మా?”

నాకు వెంటనే టెంక కళ్లముందు మెదిలింది. అత్తయ్య సంచిలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది.

“తప్పానండి. ఒక్కరోజు. ఇదిగో” అంటూ ఆకుపచ్చ, నీలం కుట్ల మధ్య ఒంటరిగా ఉన్న ఇటుక రంగు కుట్టు మీద వేలు పెట్టింది. “ఆ మధ్యాహ్నం మామిడిపండు తిన్నాను. సాయంత్రం గొట్టం ఎర్రబడింది. ఎర్ర దారమే వేశాను. తప్పు చేసిన రోజే దాచనిదాన్ని, మిగతా రోజులు ఎందుకు దాస్తానండీ?”

డాక్టరు గుడ్డను దగ్గరికి లాక్కుని, వరసగా ప్రతి కుట్టూ చూశాడు. “మూత్రంలో కనపడకపోయినా రక్తంలో ఉండొచ్చమ్మా” అన్నాడు. తర్వాత కట్టు విప్పించి పుండు చూశాడు. మళ్లీ గుడ్డ చూశాడు. “రేపు ఇంకోచోట రక్తం ఇవ్వు. అది వచ్చాక మాట్లాడదాం.”

ఆ రాత్రి చుట్టాలింట్లో ఉండి, మర్నాడు మళ్లీ రక్తం ఇచ్చాం. మళ్లీ ఎదురుచూపు. నేను ఆగలేక చెప్పేశాను. “ఆ టెంక నేను చూశాను అత్తయ్యా. మీ గుడ్డ అంతా అబద్ధమనుకున్నాను.”

ఆమె గుడ్డ మడత సర్దుకుంది. “బూడిద కప్పింది నీకు తెలియకూడదనే. మొన్న పెళ్లై వచ్చిన పిల్ల ముందు సిగ్గేసింది. నీ దగ్గరైతే దాచాను గానీ, గుడ్డ దగ్గర దాచలేదు” అంది.

నాలుగింటికి కాగితం వచ్చింది. డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, మొదటిదాన్ని చింపి బుట్టలో వేశాడు. “నిన్నటిది ఎవరిదో నీ పేరు మీద వచ్చిందమ్మా. నీ చక్కెర బాగా దిగింది. వేలి జోలికి వెళ్లక్కర్లేదు.” అని, అక్కడ నేర్చుకుంటున్న చిన్న డాక్టర్లను పిలిచి గుడ్డ చూపించాడు. ఏ రంగు ఏ రోజుదో అత్తయ్య వాళ్లకు ఒక్కొక్కటే చెబుతుంటే, పక్కన నిలబడ్డ నాకు నా ఎస్సెస్సెల్సీ గుర్తుకే రాలేదు. ఈమె మా అత్తయ్య అని అందరికీ చెప్పాలనిపించింది.

అప్పటిదాకా ఈ జబ్బు మాట వీధిలో ఎవరికీ తెలియనివ్వలేదు ఆమె. తిరుగు బస్సులో మాత్రం పక్క సీటావిడ “ఎక్కడికెళ్లి వస్తున్నారు?” అని అడగడమే ఆలస్యం, గుడ్డ ఒళ్లో పరిచేసింది. మైలవరంలో ఆవిడ దిగిపోయింది. ఎక్కినావిడకు మళ్లీ మొదటి కుట్టు నుంచి చెప్పుకొచ్చింది.