డ్రైవర్ కావాలె
కోడలి ఉద్యోగ దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు తేదీ. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టింది నేనే. ఆమె మాత్రం వైరస్‌ల బాధ పడలేక ముందురోజే ల్యాప్‌టాప్‌లో పాతదంతా తుడిచేసి, విండోస్ బదులు లినక్స్ అనే సిస్టమ్ ఎక్కించింది. కంప్యూటర్ చక్కగా వెలిగింది గానీ, మేడమీద కిరాయికున్నవాళ్లు మాకూ వాడుకోనిచ్చే వైఫై అందులో కనిపించలేదు.

"డ్రైవర్ లేదు అత్తమ్మా" అంది.

"శంషాబాద్‌ల డ్రైవర్లకు కరువా? ఎయిర్‌పోర్ట్ వచ్చినంక ఇంటికొకడున్నడు" అన్నాను. మా ఇంట్లో ఆ ఒక్కడు నా కొడుకే, క్యాబ్ నడుపుతాడు. వాడికి ఫోన్ చేసి, "డ్రైవర్ లేక నీ పెండ్లాం పరేషాన్ అయితున్నది, జల్ది రా" అని చెప్పాను.

కోడలు తల పట్టుకుంది. వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్‌నే డ్రైవర్ అంటారట. అది నెట్‌లో దొరుకుతుందట. అది లేనిదే నెట్ రాదట. తాళంచెవి లోపల పెట్టి పెట్టెకు తాళం వేసినట్టుంది లెక్క.

ఆరాంఘర్ నుంచి బండి తిప్పుకొచ్చిన కొడుకు గుమ్మంలోనే, "ఏడికి పోవాలె? సామాన్లేవి?" అన్నాడు. కోడలు వాడి మొహం కాదు, చేతిలోని ఫోన్ చూసింది. ఇంట్లో నెట్ ఉన్న ఫోన్ అదొక్కటే. దాన్ని చార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఆ ఫోన్ నెట్‌తోనే డ్రైవర్‌ను దించుకుంది. వైఫై వచ్చింది, దరఖాస్తు వెళ్లింది.

"గిదేందే అమ్మా, వైరు లేని నెట్‌కు వైరు గావాల్నా?" అన్నాడు కొడుకు.

"డ్రైవర్ గూడ గావాలె. అందుకే నిన్ను పిలిచిన" అన్నాను.