గొంతక్క పెట్టిన పేరు

మా ఆసుపత్రిలో గొంతక్క పనికి పేరు పెట్టగలిగినవాళ్ళు లేరు. ఎందుకంటే పేర్లు పెట్టడం ఆమె పని. రక్తం తీసి పరీక్షించే నాకు దోమ అని పెట్టింది. రక్తపు గొట్టాలను గిరగిరా తిప్పే యంత్రం ఆమెకు రంగులరాట్నం. మేడ మీది కార్యాలయం అత్తగారిల్లు. నవ్వుతూ ఎక్కినవాళ్ళు కూడా మొహం వేలాడేసుకుని దిగుతారు గనక ఆ పేరు అందరికీ నచ్చింది, కార్యాలయం వాళ్ళకు తప్ప.

ఆమెకు మేం పెట్టిన పేరు ఒక్కటే. ఎవరు ఎదురుపడినా మొహం కన్నా ముందు గొంతు దగ్గర వాపేమైనా ఉందా అని చూస్తుంది. నోరు తెరిస్తే మూడు గదుల అవతల ఉన్నవాళ్ళు ఉలిక్కిపడతారు. రెండింటికీ కలిపి గొంతక్క అన్నాం. మన భాషలో బయటికి కనపడేదీ గొంతే, లోపల మింగేదీ గొంతే, వినపడేదీ గొంతే. ఒక మాట ఇన్ని పనులు చేస్తుంటే జాగ్రత్తగా ఉండాలని చదువుకున్న మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆమె మెడ మీద అడ్డంగా పాత కత్తిగాటు ఉంటుంది. వయసులో ఉండగా ఆమెకూ ఈ జబ్బే వచ్చింది. గుండె దడ, చెమటలు, నిద్ర లేకపోవడం, అయినదానికీ కానిదానికీ అరవడం. మెట్టినింటివాళ్ళు పిచ్చిదన్నారు. థైరాయిడ్ గ్రంథి కోసి తీసేశాక ఆ పిచ్చి దానంతటదే పోయింది, పేరు మాత్రం పోలేదు. చివరికి ఆమే ఆ ఇంట్లోంచి వచ్చేసి మా ఆసుపత్రిలో ఆయాగా చేరింది. "చెడ్డ పేరు అతుక్కునేలోపు మంచి పేరు ఒకటి తగిలించాలి దోమా" అనేది నాతో. అప్పట్లో అది వేళాకోళం అనుకున్నాను.

థైరాయిడ్ అతిగా పనిచేసేవాళ్ళ మీద మా దగ్గర పరిశోధన మొదలుపెట్టినప్పుడు డాక్టరమ్మ ఈమెనే ఏరి తీసుకుంది. మందు పాతదే, బాగా పనిచేసేదే. పెద్ద మోతాదుతో మొదలుపెట్టడం మేలా, చిన్న మోతాదుతోనా అన్నదే తేల్చాలి. ఎవరికి ఏది అన్నది కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. నెలనెలా రోగుల ఇళ్ళకు వెళ్ళి బరువు చూడడం, మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం, రక్తానికి నా దగ్గరికి తోలుకురావడం గొంతక్క పని.

ఆ మాత్ర అసలు పేరు పలకాలంటే నాలుక మడతపడుతుంది. "ఇది గొంతు మాత్ర. పొద్దున్నే వేసుకోండి" అని మొదటి ఇంట్లోనే అనేసింది గొంతక్క. అంతే, వీధులకు వీధులు అదే పేరు. డాక్టరమ్మ కూడా మురిసిపోయి తనూ అలాగే అనడం మొదలుపెట్టింది. ఈ మందుతో ఒక ప్రమాదం ఉంది. చాలా అరుదు. వేసుకున్నవాళ్ళలో ఏ కొందరికో రక్తంలో రోగాలతో పోరాడే తెల్లకణాలు ఉన్నట్టుండి మాయమైపోతాయి. దాని మొదటి గుర్తు గొంతు నొప్పి, జ్వరం. అవి కనపడితే మాత్ర వెంటనే ఆపేసి పరుగెత్తుకు రావాలి. ఆ సంగతి రోగులకిచ్చిన కార్డు మీద రాసే ఉంది. గొంతక్క నోటితోనూ చెప్పేది, చెప్పాల్సిన ఇరవై సంగతుల మధ్యలో.

దర్జీల వీధిలో కాజాలు కుట్టే ఆవిడ ఒకామె ఉండేది. చొక్కా బొత్తాం దూరే చిల్లు చుట్టూ దారం అల్లడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, చెయ్యి వెంట్రుకవాసి కదిలినా గుడ్డ పాడు. జబ్బుతో ఆమె చేతులు వణకడం మొదలయ్యాక దర్జీలు ఒక్కొక్కరే పని ఇవ్వడం మానేశారు. భర్త ఆ వీధి మొదట్లోనే ఇస్త్రీ చేస్తాడు. నెమ్మదైన మనిషి, ఆమెను పల్లెత్తు మాట అని ఎరగడు. ఆమెకు చీటీలో పెద్ద మోతాదు వచ్చింది.

నెల తిరిగేసరికి చేతులు నిలిచాయి. గొంతక్క వెళ్ళినప్పుడు ఆమె సూది పైకెత్తి ఒక్క విసురులో దారం ఎక్కించి చూపించిందట. "ఈ గొంతు మాత్ర నా చేతులు నాకు తెచ్చిచ్చింది వదినా" అందట. ఆ రోజంతా గొంతక్క ఆ సంగతి చెప్పని గోడ లేదు. నాకు రెండుసార్లు చెప్పింది.

ఆ తరవాత నెల తిరక్కముందే కాజాలావిడను భర్త ఆటోలోంచి చేతుల మీద దించాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నోట్లో పుళ్ళు, ఉమ్మి కూడా మింగలేకపోతోంది. రక్తం తీశాను. యంత్రం చూపించిన అంకె నమ్మబుద్ధి కాలేదు. చుక్క రక్తం అద్దం మీద పరిచి సూక్ష్మదర్శిని కింద పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు వెతికాను. ఎర్రకణాలే తప్ప పోరాడే తెల్లకణం ఒక్కటి కనపడలేదు. కాపలావాళ్ళంతా ఊరొదిలి పోయిన కోటలా ఉంది ఆ రక్తం.

డాక్టరమ్మ మూడు రోజులు ఇంటికి పోలేదు. చెయ్యాల్సిందంతా చేసింది. కాజాలావిడ పోయింది. మేడ మీది అత్తగారింటివాళ్ళు పంపిన కాగితంలో దీన్ని "ముందుగా ఊహించిన దుష్ప్రభావం" అన్నారు. ఎవరు ఊహించారో నాకు తెలియదు. కాజాలావిడ అయితే ఊహించలేదు. ఆ కాగితం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతుంది.

మనిషి పోయినా మాత్రలు తిరిగి రావాలి, అది పరిశోధన నియమం. గొంతక్క ఇస్త్రీ ఆయన ఇంటికి వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కపెట్టింది. ఉండాల్సినన్ని లేవు. ఆమె అడక్కముందే ఆయన చెప్పాడు.

"చివర్లో రోజూ ఒకటి ఎక్కువ వేశానక్కా. గొంతు నొప్పి, గొంతు నొప్పి అని ఏడ్చేది. గొంతు నొప్పి, మాత్ర, వెంటనే అని మీరు చెప్పిన మాటలు గుర్తున్నాయి. ఇంట్లో ఉన్నది గొంతు మాత్రే కదా. తను మింగలేకపోతే నీళ్ళల్లో నూరి నేనే పట్టాను." మళ్ళీ తనే అడిగాడు. "దానివల్ల ఏమైనా తేడా జరిగిందా?"

"లేదు తమ్ముడూ" అంది గొంతక్క.

ఆ అబద్ధం మోసుకుని తిన్నగా నా గదికి వచ్చింది. ఆమె కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు రంగులరాట్నం పక్కన నేల మీద చతికిలబడింది.

"దోమా, ఆయన తప్పు విన్లేదురా. నేను పెట్టిన పేరుకి అర్థం అదే. గొంతు మాత్ర అంటే గొంతు నొప్పికి వేసేదే. చంటిపిల్లాణ్ణి అడిగినా అదే చెప్తాడు."

"ఒకటి ఎక్కువ వెయ్యడం వల్ల కాదక్కా. ఆపకపోవడం వల్ల" అన్నాను.

"ఆ తేడా నీకూ నాకూ. ఆయనకి కాదు."

ఆమెను పీక్కుతింటున్నది ఒకటే. మాత్రలు ఎందుకు తగ్గాయో డాక్టరమ్మకు చెప్పకపోతే, అదే పేరు పలుకుతూ అవే మాత్రలు మింగుతున్న ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. చెప్తే, దర్జీల వీధిలో గోడలకు చెవులే కాదు, నోళ్ళూ ఉన్నాయి. చేజేతులా పెళ్ళానికి విషం పట్టానని ఆ మనిషికి తెలిసిపోతుంది. ఆ తరవాత అతను బతికినట్టా?

మర్నాడు డాక్టరమ్మకు అంతా చెప్పేసింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కార్డులు కొత్తగా అచ్చువేయిస్తానంది. దానికి అత్తగారింటి అనుమతి కావాలి, వారాలు పడుతుంది. "కార్డు మీద లేదమ్మా ఆ పేరు, నోళ్ళల్లో ఉంది" అని గొంతక్క సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

ఇల్లిల్లూ తిరిగింది. ఇకనుంచి మెడ మాత్ర అనాలని చెప్పింది. ఎందుకని అడిగినవాళ్ళకు, "నేను తప్పు పేరు పెట్టాను, ఒకావిడ పోయింది" అని అంతవరకే చెప్పింది. ఇస్త్రీ ఆయన ఊసు ఎక్కడా రానివ్వలేదు. ఒక ముసలాయన జ్వరంతో, గొంతు నొప్పితో పొద్దునే రెండో మాత్ర వేసుకుని కూర్చున్నాడని తెలిసి, అతన్ని చొక్కా కూడా తొడుక్కోనివ్వకుండా లాక్కొచ్చింది. చూస్తే తెల్లకణాలు నిక్షేపంగా ఉన్నాయి, ఉత్త పడిశం. "దీనికా ఇంత గోల" అని ఆయన తిడుతుంటే గొంతక్క గోడకు ఆనుకుని ఏడ్చింది. పిల్లలు మాత్రం ఆమెను చూడగానే ఎప్పట్లాగే, "అమ్మా, గొంతక్క వచ్చింది" అని లోపలికి కేకలు పెట్టేవాళ్ళు. "మెడక్క అనండర్రా" అనేది. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ ఆయన నా గదికి వచ్చాడు. మణికట్టు మీద తాజాగా కాలిన మచ్చ ఉంది. గొంతక్క నా దగ్గర గొట్టాలకు చీటీలు అంటిస్తోంది.

"మాత్ర పేరు మార్చారట అక్కా."

"అవును తమ్ముడూ."

"ఎవరో ఒకావిడ పోయింది గనక మార్చారట."

గొంతక్క చేతిలో చీటీ ఆమె వేలికే అంటుకుపోయింది. దాన్ని లాగుతూ, పైకి చూడకుండా అంది. "పేరు పెట్టింది నేను. మాత్రలు తెచ్చిచ్చింది నేను. నువ్వు నీళ్ళు పట్టావు తమ్ముడూ. అంతే."

ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టు లేదు, విన్నానని చెప్పినట్టు ఉంది. నేను కుర్చీ జరిపాను గాని ఆయన కూర్చోలేదు.

"మెడ మాత్ర అన్నా బాగాలేదక్కా" అన్నాడు. "మెడ పట్టేసిన రోజున ఎవరో ఒకరు ఇంకోటి వేస్తారు. ఇంట్లో మనిషి బాధపడుతుంటే చేతులు ఊరుకోవు."

"మరి ఏమనమంటావు?"

ముందే అనుకుని వచ్చినట్టున్నాడు, తడుముకోలేదు. "గొంతు నొప్పొస్తే ఆపే మాత్ర అనండి. పొడుగైపోయిందనుకోవద్దు. పొట్టి చేసుకోవడం జనానికి బాగా తెలుసు. చివరికి ఆపే మాత్ర అని మిగిలినా చాలు."

కాజాలావిడ పోయాక, ఆ మాత్ర ఆపాల్సిందని ఆయనకు మేమెవరమూ చెప్పలేదు. గొంతక్క తలెత్తి ఆయన్ని చూసింది. దాచాననుకున్నది దాగలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆయన మణికట్టు మీదికి చొక్కా చెయ్యి లాక్కుని, "ఇస్త్రీ పెట్టె బల్ల మీదే వదిలేసి వచ్చాను" అని వెళ్ళిపోయాడు.

ఆ పేరు ఆయన చెప్పినట్టే పొట్టిదై నిలిచింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ఆపే మాత్రే. కొత్త కార్డు మీద అదే వేయిద్దామని డాక్టరమ్మ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, గొంతక్క వైపు తిరిగి అంది. "ఈసారి మంచి పేరు పెట్టావు. ఇది కూడా నీదేనా?"

పక్కనే ఉన్న నాకే గొంతక్క మాట సరిగా వినపడలేదు. "కాదమ్మా" అంది. "వాళ్ళాయన."

ఎవరాయన అని డాక్టరమ్మ అడగలేదు. కలం మూత పెట్టింది, మళ్ళీ తీసి, కార్డు మీద ఆ పేరు రాసింది.