సారుగారి బాత్రూం

బాత్రూం కోసం ఇల్లు కొనాలని మనసు పడ్డ మనిషిని పలాసలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అది కూడా ఏనాడూ లోపలికి అడుగు పెట్టని బాత్రూం.

నేను గుమస్తాగా పనిచేసిన ఆఫీసు ఒక జీడిపప్పు వ్యాపారి మేడలో, కింది అంతస్తులో అద్దెకుండేది. శాఖ పేరెందుకులెండి, పింఛను తీసుకుంటున్నదాన్ని. నేను రిటైరయిన కొన్నాళ్ళకి ఆఫీసు కొత్త భవనానికి తరలిపోయింది. ఖాళీ మేడని ఏం చేయాలో తోచక ఆ వ్యాపారి మధ్యలో గోడలు లేపి, వంటగట్లు కట్టించి, ఫ్లాట్లు చేసి అమ్మకానికి పెట్టాడు. రోడ్డు వైపు ఫ్లాటులో మా ఆఫీసరు గది పడకగది అయింది. ఆ గదికి ఆనుకుని బాత్రూం ఉంది. అదీ సంగతి.

మా ఆఫీసులో ఆడవాళ్ళకంటూ మరుగుదొడ్డి లేదు. పెరట్లో ఉన్నది మగవాళ్ళది. దాని తలుపుకి గడియ ఉండేది కాదు, లోపలున్నవాళ్ళు దగ్గుతూ ఉండాలి. సారుగారి గదిలోని బాత్రూంకి మాత్రం పెద్ద ఇత్తడి తాళం. తాళంచెవి ఆయన సొరుగులో. బదిలీ అయినప్పుడు పాత సారు కొత్త సారుకి చార్జితో పాటు దాన్ని కూడా అప్పగించేవారు. ఎందరు సార్లు మారినా "మీరూ వాడుకోండమ్మా" అనే బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. ఫైలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డప్పుడు నా చూపు సారు మీద ఉండేది కాదు, ఆ తాళం మీద ఉండేది. లోపల తెల్లటి టైల్సు, నున్నటి కమోడు, తిప్పగానే ధారగా నీళ్ళు. నా ఊహలో ఆ బాత్రూం ఏటికేడాది పెద్దదవుతూ పోయింది.

నా పాట్లు తీర్చింది రోడ్డుకవతలి ఇంటావిడ. సంతబొమ్మాళి వైపు రైతుల ఇంటి నుంచి పలాస కోడలుగా వచ్చిన మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ రోజు ఆఫీసు గుమ్మంలో కాళ్ళు మెలిపెట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, ఏమీ అడక్కుండానే "రామ్మా, మా పెరట్లోకి ఎల్లు" అంది. ఆ రోజు మొదలు రిటైరయ్యే దాకా పదకొండయ్యేసరికి నేను ఆమె పెరట్లో ఉండేదాన్ని. బకెట్టు నింపి ఉండేది. బయటికొచ్చేసరికి గ్లాసుడు టీ సిద్ధం. ఆఫీసులో మాత్రం "మా వదినని చూసొస్తాను" అని చెప్పేదాన్ని. సాకు కోసం కలుపుకున్న వరస నిజమైపోయి, ఆమె కూడా నన్ను వదినా అనే పిలవడం మొదలుపెట్టింది.

పెళ్ళయిన దగ్గర నుంచీ మేము అద్దె ఇళ్ళలోనే ఉన్నాం. గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళ ముఖం చూడాలి. రిటైర్మెంటు డబ్బుతో ఒక్క ఇల్లే కొనగలం, తప్పు జరిగితే మళ్ళీ కొనే యోగం లేదు. మావారు టెక్కలి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన టెక్కలిలో ఓ కొత్త అపార్టుమెంటు చూసి పెట్టారు. లిఫ్టుంది, మాకు కారు లేకపోయినా కారు పెట్టుకునే చోటుంది.

"బాత్రూం కోసం ఇల్లు కొన్నామని నలుగురికీ ఏటని చెప్పుకోనే?" అన్నారు.

"అటాచ్డ్ అని చెప్పండి" అన్నాను.

చివరికి చూద్దామని ఇద్దరం వెళ్ళాం. వ్యాపారే తలుపు తీశాడు. హాలుకి కొత్తగా సున్నం వేశారు గానీ, "నిశ్శబ్దం పాటించవలెను" అనే పాత ఎర్రక్షరాలు సున్నం కింద నుంచి ఇంకా కనిపిస్తున్నాయి. మావారు వాటిని చదివి నా వైపు చూశారు. నేను పట్టించుకోలేదు. వంటిల్లు ఒకప్పటి రికార్డు గది. కిటికీ తీస్తే జీడిపిక్కలు కాల్చే వాసన, మూస్తే పాత కాగితాల వాసన. ఇంతలో ఓ పెద్దాయన చేతిలో దరఖాస్తుతో లోపలికొచ్చి "సారున్నారా అమ్మా?" అన్నాడు.

"రేపు రండి." నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆయన దరఖాస్తు మడుచుకుని వెనుదిరిగాడు. మావారు వెంటబడి కొత్త ఆఫీసుకి దారి చెప్పి వచ్చారు.

"ఈ ఇంట్లో దిగితే నువ్వు మళ్ళీ గుమస్తావైపోతావు. అన్నానికి కూడా నన్ను రేపు రమ్మంటావు" అన్నారు.

నేను పడకగదిలోకి నడిచాను. ఇత్తడి తాళం లేదు. తోస్తే తలుపు తెరుచుకుంది. కొత్త టైల్సు, కొత్త కుళాయి, కొత్త కమోడు.

"పాతవన్నీ తీసేశారా?" అని కాస్త దిగులుగానే అడిగాను.

"పాతవేటున్నాయి మేడం?" అన్నాడు వ్యాపారి. "అద్దె కాయితంలో ఆఫీసరుకి బాత్రూం ఉండాలని రాసినారని ఓ కమోడు పెట్టీసి ఒగ్గీసినాం. గొయ్యి తవ్వనేదు, పైపు ఎయ్యనేదు. ఇప్పుడన్నీ కొత్తగా ఏసినాం, సూడండి." కుళాయి తిప్పాడు. నీళ్ళు ధారగా పడ్డాయి.

"మరి సార్లందరూ?"

"ఏ సారైనా ఒక్కపాలి తీసి సూసీవోరు. మల్లీ తాళమేసీసీవోరు."

అప్పుడు గుర్తొచ్చింది. రోజూ ఓ వేళకి సారు మాయమయ్యేవారు. అడిగితే అటెండరు "సారు సంతబొమ్మాళి క్యాంపు" అనేవాడు. అరగంటలో సారు మళ్ళీ కుర్చీలో ఉండేవారు. అంత దూరం అరగంటలో ఎలా వెళ్ళొస్తారని మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఏ సారు వచ్చినా అద్దెకు దిగేది మాత్రం ఆఫీసు వెనక సందులోనే.

ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. లేనిదాన్ని చూసి ఇన్నేళ్ళు కుళ్ళుకున్నానా! కనీసం వాళ్ళయినా సుఖపడి ఉంటే నా అసూయకి ఓ విలువుండేది. "పదండి, టెక్కలే ఖాయం" అన్నాను. మావారి ముఖం చూస్తే అప్పటికే లిఫ్టులో ఉన్నట్టున్నారు.

వెళ్ళే ముందు రోడ్డు దాటి వదినకి చెప్పాను. క్యాంపు కథ విని ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ ఏడుపు ఇని ఇని నాకూ సూడాలనుంది. పద వదినా, ఆ రాజుగోరి కోటేటో సూసొద్దాం" అంటూ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది.

బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఎంతసేపటికీ రాలేదు. వ్యాపారి గడియారం చూసుకున్నాడు. మావారు ఎర్రక్షరాలు మళ్ళీ చదివారు. నీళ్ళ చప్పుడయ్యాక ఆమె బయటికొచ్చింది. ముఖం తేటగా ఉంది.

"ఎన్నాల్లకి సుకంగా కూకున్నాను వదినా" అంది, నాకొక్కదానికే వినబడేలా. "మా పెరట్లోది కింద కూకునేది కదా. కూకుంటే లెగనేకపోతన్నాను. కోడలు సెయ్యట్టుకుని లేపుతాది. ఎంత సిగ్గనుకున్నావు."

"కమోడు పెట్టించుకోకూడదూ?"

"ఇల్లు ఇంకా పంచుకోనేదు కదా. ఇటిక ముట్టుకుంటే కోర్టుకెల్తానంటన్నాడు మా మరిది."

ఈ ఇల్లు కొనమని గానీ, తనని రానిమ్మని గానీ అడగలేదు. కుచ్చిళ్ళు సర్దుకుంటూ "టెక్కలిదే బాగుంటాదిలే, ఎల్లండి" అంది. ఆనాడు గుమ్మంలో నిలబడ్డ నాకు అడగాల్సిన అవసరం రానివ్వని మనిషి ఆమె. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే వ్యాపారి వైపు తిరిగి "ఇదే తీసుకుంటాం, అడ్వాన్సు రాసుకోండి" అన్నాను.

మావారు నోరు తెరిచారు. నేను గోడ మీది ఎర్రక్షరాలు చూపించాను.

ఇంటికొచ్చాక సంగతంతా చెప్పాను. ఆయన కాగితం తీసి ఖర్చుల లెక్క వేసుకున్నారు. తర్వాత "ఆవిడ పట్టుకుని లేవడానికి పక్కన ఓ కడ్డీ వేయించాలి కదా" అన్నారు. మా సొంత గోడకి మేము కొట్టించిన మొదటి మేకులు ఆ కడ్డీవే.

వీధి తలుపుకి తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఇంకోటి వదిన దగ్గర. మావారు బెల్లు కొడతారు. పదకొండయ్యేసరికి ఆమె వస్తుంది. కుళాయి ఉన్నా నేను బకెట్టు నింపి ఉంచి, టీ పెడతాను. చెప్పులేసుకుంటూంటే ఎక్కడికత్తా అని కోడలు అడుగుతుందట.

"సంతబొమ్మాళి కేంపు" అంటుందట ఆమె.