దేశం కోసం కదిరప్ప చెప్పిన పేరు

కదిరప్పది బైరెడ్డిపల్లె పక్కన చిన్న పల్లె. కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్లకు బెజ్జాలు వేసే పని. ఇంటికొచ్చాక పెళ్లాం రాజేశ్వరి పక్కన కూర్చొని టీవీలో వంటలు చూసి నోరు చప్పరించడం అతని విలాసం.

సరిహద్దులో యుద్ధం మొదలైన ఆ వేసవిలో మా టీ అంగళ్ల నిండా వీరులు పుట్టుకొచ్చారు. బోండా తింటూనే శత్రువును తుదముట్టించారు. "దేశమే పోయేటట్టుంటే ఇంక చట్టమేందప్పా? అనుమానమొస్తే పట్టుకో, తోలు వొలిచి నిజం సెప్పించు" అని తీర్పిచ్చారు. కదిరప్ప కూడా తలూపాడు. ఎవరి తోలో అడగలేదు.

అంతలో రైలుకట్ట కింద కల్వర్టులో జిలెటిన్ కడ్డీల సంచి దొరికింది. రాళ్లు పేల్చడానికి క్వారీలో వాడే సరుకు. కదిరప్ప క్వారీ మనిషి, రోజూ ఆ దోవనే పోతాడు. ఇంక సాక్ష్యంతో పనేముంది? పోలీసులు వచ్చి తీసుకుపోయారు.

ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. ముందు కాఫీ ఇప్పించాడు.

"ఇంకో బాంబు యాడో ఉండాది. పేలితే వందల మంది సస్తారు. నీ నొప్పి పెద్దదా, దేశం పెద్దదా, నువ్వే సెప్పప్పా."

"దేశమే పెద్దది సార్."

ఒప్పుకున్నట్టే లెక్క. లాఠీ అరికాళ్ల మీద పడింది.

తెలీదన్నాడు. కొట్టారు. మళ్లీ తెలీదన్నాడు. ఇంకా కొట్టారు. నిజం చెప్పినప్పుడల్లా దెబ్బ పడుతోందని సాయంత్రానికి అతనికి అర్థమైంది. పుంగనూరులో పంచర్ల అంగడి పెట్టుకున్న తోడల్లుడు కిషోర్ పేరు నోటికొచ్చింది. చెప్పేశాడు. లాఠీ ఆగింది. మంచినీళ్లు వచ్చాయి.

కిషోర్‌ను తెచ్చారు. అతను కూడా మనిషే కాబట్టి, ఎప్పుడో పంచర్ వేయించుకుపోయిన మదనపల్లె సాయిప్రసాద్ పేరు చెప్పాడు. టమోటా మార్కెట్లో వేలం పాడే మనిషి అతను. ఇంకేం, మూడూళ్ల కుట్ర బయటపడింది! మ్యాపు మీద కుప్పం నుంచి పుంగనూరుకు, అక్కడి నుంచి మదనపల్లెకు ఎర్రగీత గీశారు. మార్కెట్లో టమోటా బాక్సులు కుమ్మరించి బాంబు కోసం వెదికారు. రసం కారింది. పెనుముప్పు తప్పిందని టీవీ అరిచింది.

ఎవరూ కొట్టకుండానే నిజాన్ని క్వారీ మేనేజరు తెచ్చిచ్చాడు. తనిఖీకి భయపడి, అనుమతి లేని సరుకును తానే ఆ కల్వర్టులో దాయించానని వకీలును వెంటబెట్టుకొని వచ్చి చెప్పాడు. ఆయనకు కుర్చీ వేశారు.

ముగ్గురినీ వదిలేస్తూ ఇన్‌స్పెక్టర్, "దేశం కోసరం రవ్వంత ఓర్చుకోవాలప్పా" అన్నాడు.

టీ అంగడి వీరులు పరామర్శకొచ్చి అదే మాట అన్నారు. రాజేశ్వరి వాళ్లలో ఒకాయనకు కాఫీ గ్లాసు అందిస్తూ, "అట్లయితే ఈసారి నీ అరికాళ్లు ఇయ్యప్పా దేశానికి" అంది. అందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి.

వాపు తగ్గినా కదిరప్పకు అన్నం సయించలేదు. కర్ర పట్టుకొని పుంగనూరు బస్సెక్కాడు. కిషోర్ అతన్ని చూసి మొహం తిప్పుకొని లోపలికి పోయాడు. కదిరప్ప మెట్టు మీదే కూర్చున్నాడు. చాలాసేపటికి కిషోర్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"నువ్వు నా పేరు సెప్తివి. నేను ముక్కూమొగం తెలీని మదనపల్లె ఆయప్ప పేరు సెప్తిని. పద, పోయి మాట పడదాం."

సాయిప్రసాద్ చేతికి ఇంకా కట్టు ఉంది. వేలం గొంతుతో వీధంతా వినేట్టు ఇద్దరినీ తిట్టాడు. అలిసిపోయాక అన్నాడు: "ఇంకొక్క పూట ఉంచింటే నేను మా మామ పేరు సెప్పేవాణ్ణి. ఆయప్ప సచ్చి ఎన్నేండ్లో అయ్యింది." ముగ్గురికీ నవ్వొచ్చింది. కదిరప్ప నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

ముగ్గురూ కలిసి ఇన్‌స్పెక్టర్ మీద కేసు వేశారు. ఈలోగా ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. దేశం ముప్పులో ఉన్నప్పుడు కొట్టి అడగడం తప్పా అని కోర్టులో ఆయన వకీలు కదిరప్పను నిలదీశాడు.

"కొట్టినారు కాబట్టి అబద్ధం సెప్తిని సార్. దాని ఎనకాల పడి వాళ్లు టమోటాలు కుమ్మరిస్తా ఉండిరి. నిజంగా బాంబుండుంటే ఆపాటికి పేలిపోయుండేది."

వకీలు వాచీ చూసుకొని వాయిదా అడిగాడు.