నా తెర మీద లేని పక్షులు

నేను పెళ్ళి శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. కొత్తపేటలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ళు ఫోన్లో వివరాలు పంపిస్తే, ఇంట్లో కంప్యూటర్ మీద అచ్చుకు సిద్ధం చేసి తిరిగి పంపిస్తాను. ఇంట్లో ఉండేది నేనూ మా అత్తగారూ. మావారు గల్ఫ్‌లో ఒక కంపెనీ క్యాంపులో ఏసీ మెకానిక్. మా పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళలో ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నది రెండేళ్ళకు మించదు. పిల్లలు లేరు. అత్తగారికి చెవులు సరిగా వినపడవు. అందుకని మా ఇంట్లో మాటలకన్నా సైగలే ఎక్కువ.

ఆయనకు శుక్రవారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం, మా భోజనాలయ్యాక ఫోన్ చేసేవారు. ఏం కూర, అమ్మ మందులు వేసుకుందా, వాన పడిందా. పది నిమిషాల్లో అన్నీ అయిపోయేవి. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఊరికే ఫోన్ పట్టుకుని ఉండేవాళ్ళం. ఆయన గదిలో ఫ్యాను శబ్దం నాకు వినిపించేది. ఇక్కడి కాకుల అరుపులు ఆయనకు వినిపించేవేమో.

ఒక శుక్రవారం ఆయన కొంచెం హుషారుగా అన్నారు.

"రూమ్‌లో అందరూ బయటికెళ్ళేరు. నేనో ఆట ఆడుతున్నా. నువ్వూ కంప్యూటర్లో వేసుకో. ఇద్దరం కలిసి ఆడదాం."

"నాకు ఆటలు రావండి."

"ఇందులో రావడానికేం లేదే. నడవడమే."

నిజంగానే నడవడమే. ఎవరో ఇద్దరు కలిసి తయారుచేసిన చిన్న ఆట అది. కొట్టుకోవడాలు, తుపాకులు లేవు. మనుషులందరూ వెళ్ళిపోయిన ఒక దీవిలో ఒకామె పడవ దిగి, కనపడకుండా పోయిన తన అన్న కోసం వెతుకుతుంది. తలుపులు తీసి చూస్తుంది, ఉత్తరాలు చదువుతుంది, కొండలెక్కుతుంది. ఆయన దగ్గర ఆయనది, నా దగ్గర నాది, విడివిడిగానే నడుస్తుంది. మేం ఫోన్ స్పీకర్లో పెట్టుకుని, ఎక్కడున్నామో ఒకరికొకరు చెప్పుకుంటూ ఒకే చోటికి చేరుకునేవాళ్ళం.

చిక్కల్లా నా కంప్యూటర్‌తోనే వచ్చింది. ఆటలో ప్రతి దృశ్యాన్నీ సెకనుకు ఇన్నిసార్లని గీసి తెర మీద పెట్టే పని గ్రాఫిక్స్ కార్డుది. ఆయనకు లాప్‌టాప్‌లో మంచి కార్డుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతూ అక్కడి స్నేహితుడొకాయన ఇచ్చి వెళ్ళిన లాప్‌టాప్ అది. నా దాంట్లో విడిగా కార్డే లేదు. శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ పెట్టడానికి అంత అవసరం ఎప్పుడూ రాలేదు. ఆట మొదలుపెట్టగానే తెర మీద ఆమె ఒక అడుగు వేసి, ఆగి, మళ్ళీ ఎక్కడో తేలేది. మూలన అంకె చూస్తే సెకనుకు తొమ్మిది. ఆటలోని సెట్టింగుల్లోకి వెళ్ళి, ఒక్కొక్కటీ తీసేశాను. నీడలు తీసేశాను. నీళ్ళలో ప్రతిబింబాలు తీసేశాను. పొగమంచు, గడ్డి, పక్షులు, రాలే ఆకులు, అన్నీ. అప్పటికి ఇరవై దాటింది. ఆమె నడిచింది.

నాకు దొరికిన దీవి బోడి దీవి. నేల అలికినట్టు నున్నగా ఉండేది. సముద్రం రేకు పరిచినట్టుండేది. అయినా ఖాళీ దీవి కదా, ఇలాగే ఉంటుందనుకున్నాను.

మూడో శుక్రవారమో నాలుగోదో, కొండ మీదికి ఎక్కాం. ఆయన ఒక్కసారిగా గొంతు తగ్గించి అన్నారు, ఎవరైనా వింటారన్నట్టు.

"కదలకు. కింద చూడు. మంచులోంచి పక్షులు లేస్తున్నాయి. చూశావా?"

నా తెర మీద బూడిదరంగు ఆకాశం తప్ప ఏమీ లేదు. లేదని చెప్పడానికే నోరు తెరిచాను. కానీ ఆయన గొంతు అలా విని ఎన్నేళ్ళయిందో. పెళ్ళైన కొత్తలో పి.గన్నవరం అక్విడక్టు వంతెన మీద స్కూటర్ ఆపి, కింద గోదావరి చూపించినప్పుడు విన్నాను ఆ గొంతు.

"ఆయ్, చూశానండి," అన్నాను.

"ఎన్నున్నాయో!"

"చాలా ఉన్నాయండి."

ఆ తర్వాత ఇంక ఆగలేదు. పూలున్నాయంటే ఉన్నాయన్నాను. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము తేలుతోందంటే అవునన్నాను. ఆయన చెప్పింది విని, నాకు తోచింది ఒక ముక్క కలిపేదాన్ని. "ఆ తెల్లపూలు బావున్నాయండి" అంటే, "తెల్లవా? నాకు పసుపుగా కనపడుతున్నాయే" అన్నారొకసారి. "పసుపే, ఎండకు అలా అనిపించిందండి" అన్నాను. పది నిమిషాల ఫోన్లు గంటయ్యాయి, గంటన్నరయ్యాయి. ఫోన్ పెట్టేశాక ఆ బోడి దీవిని చూస్తూ కూర్చునేదాన్ని. ఆయన ఎక్కడో ఒక మంచి చోట ఉన్నారు. నేను ఆ చోటికి చేరినట్టు నటిస్తున్నాను. అంతకు ముందు ఆయన దూరంగా ఉన్నారనే బాధ ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాని పక్కన ఇంకోటి చేరింది.

దీవికి అవతలి వైపు వెళ్ళాక దొరికిపోయినంత పనైంది. అక్కడ పెద్ద బయలుంది. అన్న ఎటు వెళ్ళాడో తెలియాలంటే గడ్డిలో అతను నడిచిన జాడ పట్టుకోవాలి.

"గడ్డి తొక్కినట్టుంది చూడు, చార లాగా. దాన్నే పట్టుకుని రా."

నా బయల్లో గడ్డి లేదు. జాడా లేదు. ఎటు నడిచినా తిరిగి మొదటికే వచ్చేది.

"వచ్చేవా?" అన్నారు. కాసేపాగి, "ఎక్కడున్నావ్?"

"కరెంటు పోయిందండి," అని ఫోన్ పెట్టేశాను. తల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

సోమవారం అమలాపురం బస్సెక్కాను. కంప్యూటర్ సామాన్లమ్మే షాపాయన మా నాన్న వయసు మనిషి. గ్రాఫిక్స్ కార్డు కావాలన్నాను.

"డిజైనింగ్ పనికాండి?"

"కాదండి. ఆటకి."

"మీ అబ్బాయికా అండి?"

"నాకేనండి."

ఆయన నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని, కంప్యూటర్ కేబినెట్ ఎంతుంటుంది, పవర్ సప్లై ఏ రకం అని డాక్టరు అడిగినట్టు అడిగారు. నేను ఫోన్లో ఫోటోలు చూపించాను.

"పెద్ద కార్డులు ఈ పవర్ సప్లై మీద నిలబడవండి, మెషీన్ ఆగిపోద్ది. ఇదిగో, ఇది పాతదే గానీ విడిగా పవర్ వైరు అక్కర్లేదు. ఏం ఆటండి?"

చెప్పాను. నడిచే ఆటని, గడ్డి కనపడాలని.

"గడ్డే బరువండి," అన్నారాయన. "ఒక్కో పరకా విడిగా గియ్యాలి కదా. మరీ ఎక్కువ పెట్టకండి, మధ్యలో ఉంచండి. కనపడతాది."

ఇంటికొచ్చి కేబినెట్ విప్పితే లోపల బల్లి గుడ్ల పెంకులు, వేలెడు మందాన దుమ్ము. పాత పెయింటింగ్ బ్రష్షుతో దులిపి, కార్డు నొక్కితే టక్కుమని కూర్చుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఆట తెరిచేసరికి అత్తగారు కునుకు తీస్తున్నారు. గడ్డి మధ్యలో పెట్టాను, మంచు పెట్టాను, పక్షులు పెట్టాను. అంకె నలభై దగ్గర నిలబడింది.

గడ్డి ఊగుతోంది. గాలి ఒక వైపు నుంచి వస్తే బయలంతా వరసగా వంగి లేస్తోంది. మధ్యలో మనిషి నడిచిన సన్నటి చార. నేను దాని మీద అడుగు పెట్టలేదు. ఆట మూసేశాను. శుక్రవారం ఆయనతో కలిసి వెళ్ళాలనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ రాలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చింది.

"వేరే సైటుకి పంపించేరు. ఇక్కడ గదిలో ఎనిమిదిమందిమి. లాప్‌టాప్ పాత రూమ్‌లో వదిలేసొచ్చా."

"మరి ఆట?"

"పోయిన శుక్రవారమే అయిపోయింది కదే. నీకు కరెంటు పోయిందిగా, ఆగలేకపోయా. చివరిదాకా ఆడేశా. చివర్లో ఏమైందో చెప్పమంటావా?"

"వద్దండి."

ఆయన వెనక ఎవరో గట్టిగా నవ్వుతున్నారు, గిన్నెలు కడుగుతున్న చప్పుడు. నేను ఇంక దాచలేకపోయాను.

"ఆ కొండ మీద మీరు చెప్పిన పక్షులు నేను చూడలేదండి. పూలూ చూడలేదు. నా కంప్యూటర్లో అవి రాలేదు. తీసేస్తేగానీ ఆట నడవలేదు."

"మరి చూశానన్నావ్?"

"అన్నానండి."

నవ్వుల చప్పుడు కొంచెం దూరమైంది, గది బయటికి వచ్చినట్టున్నారు.

"అయితే ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే చూశానన్నమాట," అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. అంతలో అక్కడెవరో పిలిచారు. వెళ్ళాలన్నారు.

మిగిలిన ఆట మూడు మధ్యాహ్నాల్లో నేనొక్కదాన్నే ఆడాను. మొదట వెనక్కి నడిచి, కొండెక్కాను. పక్షులు లేచాయి. ఆయన చెప్పినదానికన్నా తక్కువే ఉన్నాయి. లేక ఆయన గొంతులో ఎక్కువగా ఉన్నాయేమో. పూలు పసుపే. తర్వాత గడ్డిలో చార పట్టుకుని చివరి ఇంటికి వెళ్ళాను. అన్న బతికే ఉన్నాడు. పెద్దగా మాటలేమీ లేవు. చెల్లెలికి చోటివ్వడానికి బెంచీ మీద పక్కకు జరిగాడు. అంతే, తెర నల్లబడింది. "అయిపోయిందండి, బావుంది" అని మెసేజ్ పెట్టాను. రెండు రోజుల తర్వాత బొటనవేలి బొమ్మ వచ్చింది.

వేసవిలో ఆయన నలభై రోజుల సెలవు మీద వచ్చారు. ఒక మధ్యాహ్నం నేనే మళ్ళీ ఆ మాట ఎత్తి, క్షమించమన్నాను. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ విన్నారు.

"అక్కడ నేను చూసింది చెప్పుకోడానికి మనిషంటూ లేరే. నువ్వు చూస్తున్నావనుకుని చెప్పేవాణ్ణి. వారమంతా ఆ గంట కోసమే ఉండేవాణ్ణి."

"ఇప్పుడు అన్నీ కనపడతాయండి, చూస్తారా?" అని కంప్యూటర్ వైపు చూపించాను.

"తర్వాత చూద్దాంలే," అన్నారు. ఆ నలభై రోజుల్లో ఆ 'తర్వాత' రాలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

తిరిగి వెళ్ళాక ఎప్పటిలాగే శుక్రవారం ఫోన్ చేస్తున్నారు. ఇప్పుడు నేను తెలియనిది తెలియదనే అంటాను. ఆయన అక్కడి విషయం ఏదైనా చెప్తే, అర్థం కాకపోతే అర్థం కాలేదంటాను. ఆయనా అంతే, అలసిపోయానంటే అలసిపోయానంటారు. అబద్ధాలు లేవు. మాటలు మాత్రం త్వరగా అయిపోతున్నాయి. మొన్న శుక్రవారం ఏడు నిమిషాలు మాట్లాడుకున్నాం. పెట్టేశాక అత్తగారు ఏమన్నాడని సైగ చేశారు. బాగానే ఉన్నారని సైగ చేశాను. ప్రెస్సు వాళ్ళు సాయంత్రానికల్లా ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ కావాలన్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ పనిలో కూర్చున్నాను.